నడిమి గదికొచ్చే అల్లుడు

తదియ, సముద్రం పాటు తీసే వేళ

ఈ లాగ్ నేను సరదాకి రాయడం లేదు, శిక్షగా రాస్తున్నాను. మా అడుగుపాలెంలో ఒకే పక్షంలో మూడుసార్లు గాలి ముల్లును ఎరుపులోకి నెట్టినవాడు మరుసటి పక్షమంతా తన బాగోతం తనే రాసి పెద్దాయనకు చూపించాలని నియమం. ఆ నియమం పెట్టిన రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. అది ఇంకెవడికో తగులుతుందనుకున్నాను.

ఒడ్డు మీదున్న డాక్టరమ్మ కూడా ఇది చదువుతుందట. "ఆవిడకి అర్థమయ్యేలా రాయరా, ఎకసెక్కాలు తగ్గించు" అన్నారు పెద్దాయన ధనరాజు గారు. మొదటిది ప్రయత్నిస్తాను.

డాక్టరమ్మ గారూ, నా పేరు లోవరాజు. చదువు ఏడో తరగతి. ఎనిమిదికి నేను సిద్ధంగానే ఉన్నాను గానీ పంతులుగారు సిద్ధంగా లేరు. సముద్రం ఊరిని మింగేస్తే జనం మెట్టకు పోతారు. మా తాతలు మాత్రం ఊరు ఎటు పోతే మేమూ అటే అని దాని వెనకాలే కిందకు దిగిపోయారు. నాకున్న తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఇక మీరు అడగక్కర్లేదు.

నాది తలుపు పని. నీళ్ళలోకి తెరుచుకునేది నీటి తలుపు, మా వీధిలోకి తెరుచుకునేది గాలి తలుపు. రెంటి మధ్యా నడిమి గది. నాచు తోటకు వెళ్ళినవాళ్ళు తిరిగి రాగానే నేను నీటి తలుపు తీసి లోపలికి రానిస్తాను. గదిలో నీళ్ళు నడుము లోతుకు వచ్చి ఆగుతాయి. నీటి తలుపు మూసి, మోటారుతో నీళ్ళు తోడించి, ఆఖరున గాలి తలుపు తీస్తాను. ఈ వరస తప్పి రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటే గాలి బయటికి, నీళ్ళు వీధిలోకి. అంత సులువైన పని. అందుకే నాకిచ్చారు.

ఇక నా జబ్బు. పోయిన దశమి పొద్దున చల్దన్నంలో చేపల పులుసు కలుపుకుని తింటున్నాను. ఏ కారణమూ లేదు. ముల్లు కూడా గుచ్చుకోలేదు. ఉన్నట్టుండి గుండె డప్పులా మోగింది. చేతుల్లో చీమలు పాకాయి. గది కుంచించుకుపోయి నా మీదికి వస్తున్నట్టూ, ఇదే నా ఆఖరి ముద్ద అన్నట్టూ అనిపించింది. గుండె పట్టుకుని పక్కకు వాలిపోయాను.

మా వదిన పైడమ్మ (నా భార్యకు అక్క, నోటికి అడ్డే లేదు) కుండ దించుతూ చూసి, "ఈసారి బాగా సేత్తన్నాడు. కళ్ళు కూడా తేలేశాడు" అంది.

ఆమెను అనుకుని లాభం లేదు. నా ముందు పళ్ళ మధ్య ఒక సందు ఉంది. అందులోంచి గాలి వదిలితే గోడకు చిల్లుపడి గాలి బయటికి పోతున్నట్టే "స్స్స్" అని వినిపిస్తుంది. ఆ చప్పుడుకు మా పాలెం మొత్తం కంచాలు వదిలి పరిగెడుతుంది. పెళ్ళి భోజనాల్లో వెనక వరసలో కూర్చున్న నేను ఆ ఒక్క చప్పుడుతో ముందు వరసకు వచ్చిన సందర్భాలున్నాయి. అలాంటివాడు గుండె పట్టుకుంటే ఎవరు నమ్ముతారు?

కానీ ముల్లు నమ్మింది. ప్రతి గదిలోనూ గాలి ఎంత ఖర్చవుతోందో చూపే ముల్లు ఒకటి ఉంటుంది. నేను రొప్పుతుంటే అది ఎరుపులోకి వాలింది. ముల్లుకు వేళాకోళం తెలీదు. అంతే, మా ఆచారం మొదలైంది.

ఆ ఆచారం పేరు ఊపిరివ్వడం. తాతల కాలంలో ఒక మనిషి సగం చచ్చి నీళ్ళలోంచి వస్తే గదిలో గాలి చాలలేదట. చుట్టూ ఉన్నవాళ్ళంతా కదలకుండా కూర్చుని, వంతులవారీగా ఊపిరి బిగబట్టి, ఆ మిగిలిన గాలిని అతనికి ఇచ్చి బతికించారట. అప్పటినుంచి ఎవరి దగ్గర ముల్లు ఎర్రబడినా చుట్టుపక్కలవాళ్ళు వచ్చి గుండ్రంగా కూర్చుని బుగ్గలు పూరించి ఊపిరి ఆపుతారు. చాలా గొప్ప ఆచారం. కాదన్నవాడు మనిషే కాదు.

ఒక్క చిక్కే ఉంది. చచ్చిపోతున్నానేమో అని అనుమానంగా ఉన్నవాడి చుట్టూ వీధిలోని వాళ్ళంతా చేరి, గుడ్లు మిటకరించి, బుగ్గలు ఉబ్బించి, చడీచప్పుడు లేకుండా తననే చూస్తుంటే, వాడికి అనుమానం తీరిపోతుంది.

పంచమి

డాక్టరమ్మ గారు నన్ను బుట్టలో మెల్లమెల్లగా పైకి రప్పించి, తీగలు అతికించి చూశారు. గుండె రాయిలా ఉందన్నారు. ఎంత నిరాశ పడ్డానో! గుండెజబ్బైతే వీధిలో కాస్త పరువుండేది. "ఏమైందిరా?" అంటే "గుండె" అనొచ్చు. ఇప్పుడేమనాలి? "భయం" అనాలి. వీధినంతా భయపెట్టినవాడు భయం జబ్బుతో వచ్చాడంటే పిల్లలు కూడా నవ్వుతారు. నేనైతే నవ్వుతాను.

"లోవరాజు గారూ, ఇది ఒంట్లో భయం ఒక్కసారిగా పొంగడం. ఎంత భయంకరంగా ఉన్నా ప్రాణం తీయదు. పొంగినట్టే దిగిపోతుంది. దానితో పోట్లాడకండి, దాన్నుంచి పారిపోకండి" అన్నారావిడ.

"మాత్ర ఏదైనా ఇవ్వండమ్మా."

"మాత్రలున్నాయి. వేసుకోవడం తప్పు కూడా కాదు. కానీ వాటితో మత్తు వస్తుంది, మత్తులో ఉన్నవాళ్ళు తలుపు ముట్టకూడదని మీ పాలెం నియమం కదా. మాత్ర కావాలంటే తలుపు వదిలి ఇక్కడికొచ్చెయ్యాలి. వద్దంటే ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్చుకోవాలి, వచ్చిన భయాన్ని రానివ్వడం నేర్చుకోవాలి. ఇది వినండి, మనసు తేలికపడుతుంది" అని చెవిలో పెట్టుకునే బుడిపె ఒకటి ఇచ్చారు.

కిందకు వచ్చి చెవిలో పెట్టుకున్నాను. ఒక తియ్యటి గొంతు, "మీరు సముద్రపు ఒడ్డున పడుకున్నారు. అలలు మీ మీదికి మెల్లగా వస్తున్నాయి" అంది.

అమ్మా డాక్టరమ్మా, సముద్రం మొత్తం నా నెత్తి మీద ఉంది. అలలు మెల్లగా వచ్చినా నాకు వద్దు.

సప్తమి

డాక్టరమ్మ పారిపోవద్దన్నారు కాబట్టి పారిపోలేదు. వంతులు మార్చుకున్నాను. అది వేరు.

మొదట నడిమి గదిలో వంతు ఇంకొకరికి ఇచ్చి, వాళ్ళ బదులు వీధికి గాలి తోడే చక్రం తొక్కాను. ఒక పూట హాయిగా ఉంది. తర్వాత నడిమి గది పక్కనున్న వసారాలో నడుస్తుంటే గుండె దడదడమంది. సరే, అటు నడవడం మానేశాను. ఆ తర్వాత మా గదిలో ఆ వైపు గోడకు ఆనుకోవడం మానేశాను. ఇవాళ అన్నం తినే చాప కూడా ఇటు జరిపాను. భయం అంటే మొండి కిరాయిదారు లాంటిది. అరుగు ఇచ్చి ఊరుకుందామనుకుంటే వసారా అడుగుతుంది, వసారా ఇస్తే వంటిల్లు.

నా భార్య అచ్చియ్యమ్మ అంతా చూస్తూనే ఉంది. నాచు తోటలో పనిచేసే మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. చాప దగ్గర నిలబడి, "రేపు ఎక్కడికి జరుగుతావు మావా, నా నెత్తి మీదికా?" అంది.

"ఇక్కడ గాలి బాగుందే."

"ఊళ్ళో గాలంతా ఒకటే. అబద్ధం ఆడినా అతికేలా ఆడాలి."

సాయంత్రం పంచాయితీ. ధనరాజు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకుంటే మా వీధిలో పిల్లి కూడా సర్దుకుని కూర్చుంటుంది.

"ఒరే లోవా. తలుపు మనిషి భయపడితే పరిగెడతాడు. నడిమి గదిలో పరిగెట్టే దారి ఒక్కటే, గాలి తలుపు. నీటి తలుపు మూయకుండా నువ్వు అది తిప్పితే ఏమవుద్దో నేను సెప్పక్కర్లేదు."

  ఆయన చెప్పినదే నాకు రోజూ కలలోకి వస్తోంది. నా చెయ్యి గాలి తలుపు చక్రం మీద ఉంటుంది, నా మాట వినదు.

తీర్పు ఇది. పౌర్ణమి ముందు రోజు నాచు కోత. ఆ రోజు తోట నుంచి వచ్చేవాళ్ళను నేనే లోపలికి తేవాలి. తెస్తే తలుపు నాది. లేకపోతే ఒడ్డు మీద వలలు ఎండబెట్టే పనికి వెళ్ళాలి.

ఇంటికొచ్చాక అచ్చియ్యమ్మతో, "ఇద్దరం ఎళ్ళిపోదామా పైకి?" అన్నాను.

ఆమె తడి జుట్టు పిండుకుంటూ, "నా తోట ఇక్కడుంది. నా ఊపిరి ఇక్కడికే అలవాటు పడింది. నువ్వెళ్తే నెలకోసారి బుట్టలో ఎండుచేపలు పంపుతాను" అంది. పక్క వేసుకుంటూ, "నువ్వు తలుపు తీస్తావన్న ధీమాతోనే నేను నీళ్ళలో అంత దూరం ఎళ్ళేది" అని అటు తిరిగి పడుకుంది.

నాకు ఎండుచేపలు ఇష్టమే. ఆ రాత్రి మాత్రం వాటి పేరు వింటేనే ఏడుపొచ్చింది.

అష్టమి

ఇవాళ మా వదిన గదిలో పెద్ద గొడవ. ఆమె కొత్త అల్లుడు సూరిబాబు అలిగాడు. కొత్త రకం ఈత తొడుగు కొనిపెట్టలేదని గోడవైపు తిరిగి పడుకుని అన్నం ముట్టడం లేదు. కూతురు ఏడుస్తోంది. వదిన మాత్రం గుమ్మం దగ్గర కూర్చుని తీరిగ్గా పీతలు ఒలుస్తోంది.

"వదినా, అల్లుడు అలిగితే బతిమాలవా?"

"బతిమాలితే కొండెక్కి కూర్చుంటాడు మరిదీ. తిడితే ఆళ్ళ ఇంటికి కబురెడతాడు. మనం ఏ సంగతీ ఎరగనట్టు మన పని మనం సేసుకుంటన్నామనుకో, కాసేపు మూలుగుతాడు, కాసేపు దొర్లుతాడు. ఆనక పీతల కూర వాసనకి ఆడే లేచొత్తాడు. అలకకి కాళ్ళుండవు. మన బతిమాలుడే దానికి కాళ్ళు."

చెప్పినట్టే, పులుసు పొంగు వచ్చేసరికి సూరిబాబు లేచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.  రెండుసార్లు వేయించుకున్నాడు.

నేను అక్కడే కూర్చుండిపోయాను. డాక్టరమ్మ చెప్పింది ఇదే కదా! పోట్లాడకు, పారిపోకు, రానివ్వు. ఆవిడ చదువుకున్న మాటల్లో చెబితే నా ఏడో తరగతికి ఎక్కలేదు, పీతల పులుసులో ఎక్కింది. నా దగ్గరకు వచ్చేది శత్రువు కాదు, అలిగిన అల్లుడు. ఇన్నాళ్ళూ నేను కాళ్ళు పట్టుకుని బతిమాలుతున్నాను. "పో బాబూ, పో నాయనా" అని. వీధి మొత్తాన్ని పిలిచి వాడి చుట్టూ కూర్చోబెట్టి బతిమాలిస్తున్నాను. ఇక వాడెందుకు దిగుతాడు?

దశమి

పొద్దున్నే ఖాళీ నడిమి గదిలోకి నాకు నేనే వెళ్ళి గాలి తలుపు మూసుకున్నాను. నీటి తలుపు మీద అతికించిన తలుపులమ్మ తల్లి పటానికి దణ్ణం పెట్టి, "తల్లీ, నీ తలుపు, నీ భారం. నేను ఉత్త చక్రం తిప్పేవాణ్ణి" అన్నాను. తర్వాత నేల మీద కూర్చుని అల్లుణ్ణి పిలిచాను.

పిలవగానే వచ్చాడు. పిలవకపోయినా వచ్చేవాడే. గుండె డప్పు, చేతుల్లో చీమలు, చెవుల్లో హోరు. లేచి పారిపోదామని కాళ్ళు తహతహలాడాయి.

"వచ్చావా అల్లుడూ? కూర్చో. నీకు పీట వెయ్యను, మర్యాదలు చెయ్యను. నాకు పనుంది" అని మోటారుకు నూనె రాయడం మొదలుపెట్టాను. చేతులు వణికి మోటారు కంటే నా పంచెకే ఎక్కువ నూనె పట్టింది. కళ్ళ ముందున్నవాటి పేర్లు పైకి అనుకున్నాను. బోల్టు, తుప్పు, పటం, పసుపు బొట్టు, నా బొజ్జ. ఊపిరి మెల్లగా వదలమన్నారు కదా డాక్టరమ్మ. ఎలా వదలాలో తెలీక నాకొచ్చిన విద్యే వాడాను. పళ్ళ సందులోంచి సన్నగా, పొడుగ్గా, "స్స్స్స్స్..."

అద్భుతం! నా చిల్లు చప్పుడుకు ఊపిరి సన్నగా, తీరుబడిగా బయటికి పోతుంది. లోపలికి దానంతటదే వస్తుంది. ఇంకోసారి. మరోసారి. డప్పు నెమ్మదించింది. చీమలు ఎటో పోయాయి. అల్లుడు మూలిగాడు, దొర్లాడు, లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయాడు! నేను చావలేదు! జీవితమంతా జనాన్ని హడలగొట్టిన ఈ కూత నాకే మందు అయింది.

ఆ సంబరంలో ఇంకో రెండు గట్టిగా వేశాను.

అప్పుడు వినబడింది, బయట కేకలు. గాలి తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి చూస్తే వీధి వీధంతా పరిగెడుతోంది. నడిమి గదిలోంచి "స్స్స్" అని వస్తే ఇంకేమనుకుంటారు? ఒకామె చంటిదాన్ని, ఒకాయన టీవీని ఎత్తుకుని పరిగెడుతున్నారు. వీధిలో ముళ్ళన్నీ ఎరుపులో ఉన్నాయి. పచ్చగా ఉన్నది ఒక్కటే, నా గదిలోది.

తలుపు తీశాను. ధనరాజు గారు ఎదురుగా నిలబడి ఉన్నారు. ముఖం పాలిపోయి, గోడ పట్టుకుని రొప్పుతున్నారు. తిట్టడానికి ఊపిరి అందడానికే ఆయనకు చాలాసేపు పట్టింది.

"మావయ్య గారూ, ఇది వేళాకోళం కాదు, వైద్యం" అన్నాను, వరస కలుపుకుని.

చరిత్రలో నేను నిజం చెప్పిన కొద్ది సందర్భాల్లో అదొకటి. ఎవరూ నమ్మలేదు. ఇకమీదట ఆ కూత కూస్తే కోత దాకా ఆగకుండా ఆ రోజే పైకి పంపుతామన్నారు. మందు దొరికిన పూటే మందు మీద నిషేధం. నా జాతకం ఇంత అందంగా రాసినవాడెవడో గానీ వాడూ నాలాంటి అల్లరివాడే.

త్రయోదశి

కూతను లోపలికి దించాను. చప్పుడు లేకుండా పెదాలు సున్నాలా చుట్టి వదలడం సాధన చేస్తున్నాను. రోజూ నడిమి గదిలో కూర్చుంటున్నాను. మొదట పొడి గది, తర్వాత మోకాలి లోతు నీళ్ళు, తర్వాత నడుము లోతు. అల్లుడు ప్రతిసారీ వస్తున్నాడు. ఒకసారి అయితే పనిముట్లు పారేసి బయటికి వచ్చేశాను. పడ్డవాణ్ణి పడ్డట్టే కాసేపు తిట్టుకుని, మళ్ళీ లోపలికెళ్ళి కూర్చున్నాను. అంతకంటే వీరత్వం నా దగ్గర లేదు.

అసలు కష్టం ఇంకొకటి. ఊపిరివ్వొద్దని వీధికి చెప్పాలి.

అన్నం దగ్గర అందరూ ఉండగా లేచి నిలబడ్డాను. "నాకు అది వచ్చినప్పుడు దయచేసి ఎవరూ ఊపిరివ్వకండి. నా మానాన నన్ను వదిలెయ్యండి. మాట్లాడుకోండి, తినండి, పేకాడుకోండి" అన్నాను.

 వదిన చేతిలో గరిటె ఆగింది.

"అంటే? మా ఊపిరి నీకు ఎంగిలా?"

"అది కాదు వదినా. మీరంతా అలా చూస్తుంటే నాకు పాడె కట్టడానికి వచ్చినట్టుంటంది."

"నిన్ను బతికించుకుందామని నేను బుగ్గలు నొప్పెట్టేలా బిగబట్టి కూకుంటే పాడె కట్టినట్టుందా! సూశావా అచ్చీ, నీ మొగుడి మాటలు?"

అచ్చియ్యమ్మ నన్ను తేరిపార చూసింది. ఎప్పుడూ నేను చేసే ఎకసెక్కం ఎక్కడ దాక్కుందో వెతికినట్టు చూసింది. దొరకలేదనుకుంటాను. నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది.

చతుర్దశి, కోత రోజు

ఇవాళ అక్షరాలు కోడి గెలికినట్టుంటే క్షమించాలి. మామూలుగా కూడా అలాగే ఉంటాయి.

కోత రోజు చేతనైనవాళ్ళంతా తోటలోకి వెళ్తారు. మొదటి జట్టును లోపలికి తెచ్చాను, ఏ ఇబ్బందీ లేదు. రెండో జట్టునూ తెచ్చాను. గుండ్రటి అద్దం అవతల ధనరాజు గారు నా ముల్లునే చూస్తూ నిలబడ్డారు. ఆఖరి జట్టులో అచ్చియ్యమ్మ, వదిన, సూరిబాబు, ఇంకొందరు నాచు మోపులతో వచ్చారు. అందరూ లోపలికి వచ్చి ముఖాలకున్న తొడుగులు తీసేశారు. ఆ తొడుగుల్లో గాలి అప్పటికే అడుగంటింది. నేను నీటి తలుపు చక్రం తిప్పి మోటారు వేశాను.

తలుపు మూసుకోలేదు. మోపు తాడొకటి తలుపు అంచులో ఇరుక్కుంది. మోటారు తోడుతూనే ఉంది, నీళ్ళు నడుము దగ్గర నుంచి దిగడం లేదు.

అప్పుడొచ్చాడు అల్లుడు. ఇంతకుముందు వచ్చినవన్నీ చుట్టపుచూపులు. ఇవాళ సామానుతో సహా దిగాడు. చెవుల్లో హోరు, కళ్ళ ముందు చీకట్లు, నోరు పిడచకట్టింది. నా వెనకే గాలి తలుపు చక్రం ఉంది. ఎప్పుడు తిరిగానో తెలీదు, నా చెయ్యి దాని మీద ఉంది. కలలో ఉన్నట్టే ఉంది. అద్దం అవతల పెద్దాయన కళ్ళు పెద్దవయ్యాయి.

ముల్లు ఎరుపులోకి వాలింది. గదిలో వాళ్ళు అలవాటు ప్రకారం వెంటనే బుగ్గలు పూరించారు. సూరిబాబు గుడ్లు మిటకరించాడు.  నా రొప్పు ఒక్కటే వినిపిస్తోంది.

నా ప్రాణం ఉగ్గబట్టుకుని, "వచ్చావా అల్లుడూ? రా, కూర్చో" అన్నాను.

సూరిబాబు బుగ్గల్లో గాలి వదిలేసి, "ఎక్కడ కూకోమంటారండీ, నడుం లోతు నీళ్ళుంటే?" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. అచ్చియ్యమ్మ నన్ను చూసింది, చక్రం మీదున్న నా చేతిని చూసింది. ఆమె బుగ్గలు కూడా బిగబట్టే ఉన్నాయి. ఒక్కసారిగా ఆ గాలంతా వదిలేసింది. మా పాలెంలో పుట్టిన ఏ మనిషీ ముల్లు ఎర్రగా ఉండగా చెయ్యని పని చేసింది. గొంతెత్తి తిట్టడం మొదలుపెట్టింది.

"ఏం మనిషివయ్యా నువ్వు! పెళ్ళైన కొత్తలో నా తలగడ కింద బతికున్న పీతని ఎట్టలేదా? మా నాన్న తద్దినం రోజు ఆ దిక్కుమాలిన కూత కూసి బ్రాహ్మణ్ణి బల్ల మీదికెక్కించలేదా? అప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందా? తాడు ఇటు లేదు, అటుంది! కోసేది నువ్వా, మీ తాతా?"

ఆమె అంతసేపు మాట్లాడగా నేను పెళ్ళైన తర్వాత వినలేదు. వదిన ఊరుకుంటుందా? "నా కొత్త సీరకి తారు పూసింది ఈడే!" అని అందుకుంది. మిగతావాళ్ళు కూడా మొదలెట్టారు. ఒకడికి నేను ఉప్పు బదులు సబ్బుపొడి ఇచ్చానట. నిజమే. సూరిబాబు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, వాడికి తిట్టడానికి ఏమీ లేక, "నన్నేమో కూకోమన్నారు!" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ గారూ, గుండె డప్పు ఆగలేదు, చీమలు పోలేదు. భయం అంతా అలాగే ఉంది. దాని పక్కనే నవ్వు కూడా ఉంది. రెండూ ఒకే గదిలో పడతాయని నాకప్పటిదాకా తెలీదు. పెదాలు చుట్టి ఊపిరి వదిలాను. చక్రం మీద నుంచి చేతిని వేలువేలుగా తీసుకున్నాను. "నువ్వు ఇక్కడే ఉండు అల్లుడూ, నాకు అటు పనుంది" అని నీళ్ళలో నడిచి, మునిగి, అంచులో తాడు కోశాను. పైకి లేచేసరికి తిట్లు ఇంకా నడుస్తున్నాయి. నీటి తలుపు మూసుకుంది. నీళ్ళు దిగాయి. నడుము, మోకాలు, చీలమండ. ఆఖరి చుక్క పోయేదాకా ఆగాను. అప్పుడు గాలి తలుపు తీశాను.

ముల్లు మాత్రం ఎరుపులోనే ఉంది. బహుశా మా పాలెం చరిత్రలో అంత ఎరుపు ఎప్పుడూ లేదు.

"ఎర్రబడింది" అన్నారు వీధిలో ఎవరో.

"ఎర్రబడదా మరి? ఇన్నేళ్ళ బాకీ ఒక్క ఊపిరిలో తిట్టాలంటే గాలి కర్సవదా?" అంది వదిన, నాచు మోపు భుజానికెత్తుకుంటూ.

ధనరాజు గారు ముల్లువైపు చూడలేదు. కోసిన తాడు ముక్కను చేతిలోకి తీసుకున్నారు. "ఏ తలుపు ముందు మూశాడు?" అని అడిగారు.

"నీటి తలుపు" అంది అచ్చియ్యమ్మ.

"నీళ్ళు దిగాకే గాలి తలుపు తీశాడా?"

"తీశాడు."

"అయితే తలుపు ఆడిదే" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నడకలో ఏదో తేడా ఉంది. నేను పట్టించుకోలేదు. అప్పటికే నేలమీద కూలబడి ఏడుస్తున్నాను. నవ్వుతున్నానని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను.

తదియ, మళ్ళీ పాటు వేళ

శిక్ష గడువు ఇవాళ్టితో తీరింది. అల్లుడు ఇంకా వస్తున్నాడు. నిన్న కూడా వచ్చాడు, దోసెలు తింటుండగా. నేను దోసె తింటూనే ఉన్నాను. వీధిలో ఎవరూ బుగ్గలు పూరించలేదు. వదిన మాత్రం, "ఆడొచ్చాడా? నా సీర సంగతి గుర్తుసెయ్యమంటావా?" అంది. వద్దన్నాను. వాడు కాసేపు దొర్లి వెళ్ళిపోయాడు. రాకుండా చెయ్యడం నా చేతిలో లేదు. మర్యాదలు మానడం ఉంది.

ఈ పుస్తకం అప్పగిద్దామని ఎదురుచూస్తుంటే ధనరాజు గారే నడిమి గదికి వచ్చారు. లోపలికొచ్చి గాలి తలుపు మూశారు. తెల్ల పంచె, మడత నలగని కండువా. తలుపులమ్మ పటానికి దణ్ణం పెట్టారు. తర్వాత చూస్తే ఆయన చేతివేళ్ళు కండువా కొసను పిసుకుతున్నాయి, వణుకుతున్నాయి.

"ఒరే లోవా. ఎకసెక్కం సేశావంటే సంపేస్తాను" అన్నారు.

"చెప్పండి మావయ్య గారూ."

"ఆ అల్లుడు... మా ఇంటికీ వత్తన్నాడురా. సానా ఏళ్ళైంది. ముల్లుకి దొరక్కుండా ఊపిరి బిగబట్టుకుని తిరుగుతున్నాను. పెద్దవాణ్ణి కదా, ఎవడికి సెప్పుకోను?"

నా పళ్ళ సందు నిజంగానే దురద పెట్టింది. ఒక్క "స్స్" చాలు, జన్మకు సరిపడా నవ్వుకోవచ్చు. నోరు మూసుకున్నాను. ఇదే నేను చేసిన మొదటి సత్కార్యమని చిత్రగుప్తుడు రాసుకోవాలి.

"కూర్చోండి మావయ్య గారూ. పీట లేదు, నేల మీదే. ఊపిరి బిగబట్టకండి, వదలండి. ఇలా, పెదాలు చుట్టి" అన్నాను.

కూర్చున్నారు. వదిలారు. వణుకు ఇంకా ఆగలేదు.

"ఆగడం లేదురా."

"అయితే రెండో మందు ఉంది. కానీ అది ఘాటుగా ఉంటుంది. అచ్చియ్యమ్మ నాకు ఇచ్చినదే. మీ అనుమతి కావాలి."

పెద్దాయన కళ్ళు మూసుకుని, "కానీ" అన్నారు.

అడుగుపాలెంలో ధనరాజు గారిని ముఖం మీద తిట్టే అధికారం ఇంతవరకు ఎవరికీ దక్కలేదు. నేను మొహమాటపడలేదు. ఆయన కండువా దగ్గర మొదలుపెట్టాను.